మిషిగన్ చలిలో గురి నేర్చుకున్న రోజులు

2008 సెప్టెంబర్ 15న న్యూయార్క్‌లోని పెద్ద బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. ఆ మర్నాడే, 16న, కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ (జీఎం) తన వందేళ్ల పండగ చేసుకుంది. అప్పుడు మేం మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి ఉత్తరాన ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. అక్కడ ఎవరిని కదిపినా కార్ల కంపెనీలోనో, వాటికి పార్టులు చేసిచ్చే కంపెనీలోనో ఉద్యోగం. మాలాంటి సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టర్లు కూడా చివరికి ఆ డబ్బు మీదే బతికేవాళ్లం. న్యూయార్క్‌లో ఒక బ్యాంకు కూలితే మనకేంటి అని మొదటి వారం చాలామంది అన్నారు. సెప్టెంబర్ 29న, బ్యాంకుల్ని ప్రభుత్వ సొమ్ముతో ఆదుకునే బెయిలౌట్ బిల్లుకి ప్రతినిధుల సభలో 205 మంది అవునని, 228 మంది కాదని ఓటేశారు. ఆ ఒక్క రోజే షేర్ మార్కెట్ సూచీ డౌ జోన్స్ 777 పాయింట్లు పడింది. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎవరి నోటా వినలేదు.

ఆ చలికాలమే నేను రైఫిల్ కాల్చడం సరిగ్గా నేర్చుకున్నాను. ఆ రోజుల గురించి తల్చుకుంటే ఒకటి గుర్తొచ్చి ఇంకోటి గుర్తు రాకుండా ఉండదు.

నేర్పింది మా ఎదురింటి పెద్దాయన. కార్ల ప్లాంటులో రిటైరైన మనిషి, డెబ్భైకి దగ్గర్లో ఉండేవాడు. మంచు పడిన పొద్దున తన వాకిలి ఊడ్చుకుని, ఆ మెషీన్‌తోనే మా వాకిలి కూడా ఊడ్చి వెళ్లేవాడు. అమెరికాలో వయసుతో పనిలేకుండా పేరు పెట్టి పిలుచుకుంటారు. నాకు మాత్రం ఆ వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు, చివరి వరకూ ‘సార్’ అనే అన్నాను. మొదట్లో వద్దనేవాడు, తర్వాత అలవాటు పడిపోయాడు.

మిషిగన్‌లో ఏటా నవంబర్ 15న తుపాకీతో జింకల వేట మొదలవుతుంది. అక్కడది దాదాపు పండగ. కొన్ని స్కూళ్లకి ఆ రోజు సెలవు, ప్లాంట్లలో సగం మంది ఉత్తరాదికి వెళ్లిపోతారు. ఆ ఏడు ఆయన వేట నుంచి తిరిగొచ్చి, “నువ్వెప్పుడైనా కాల్చావా?” అని అడిగాడు. కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు పాయింట్ టూటూ రైఫిల్‌తో, మండే ఎండలో నేల మీద బోర్లా పడుకుని కాల్చానని చెప్పాను. “ఎండలో ఎవడైనా కాలుస్తాడు. ఆదివారం నాతో రా,” అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు చాలామంది తెలియక సరదాగా రేంజ్‌కి వెళ్లిపోతుంటారు. హెచ్1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ల చేతిలో తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. నాకు అప్పటికే గ్రీన్ కార్డ్ వచ్చింది. అయినా పెద్దాయన కార్డు తీసి చూపించమని, చూశాకే కారెక్కించుకున్నాడు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

క్లబ్ రేంజ్ ఊరికి దూరంగా, చెట్ల మధ్య ఉండేది. పైన రేకుల కప్పు, మూడు వైపులా గాలి. ఆ చలిని మాటల్లో చెప్పడం కష్టం. సున్నా ఫారన్‌హీట్ అంటే మన లెక్కలో మైనస్ 18 డిగ్రీలు. ఆ చలిలో ముక్కులోపల తడి కూడా గడ్డకట్టినట్టు పటపటలాడుతుంది. ఇనుముని ఉత్త చేత్తో తాకితే చర్మం అంటుకుపోతుంది. రైఫిల్ బట్‌కి, అంటే భుజానికి ఆనించే వెనక భాగానికి, చెంప ఆనించేటప్పుడు కూడా చెంప చెక్కమీదే ఉండాలి, ఇనుము మీదకి జారకూడదు.

ఆయన మొదట కాల్పించలేదు. తూటాని గొట్టంలోకి తోసి మూసే రైఫిల్ బోల్ట్‌ని బయటికి తీయించి, దాని మీదున్న నూనె అంతా గుడ్డతో తుడిపించాడు. ఎండాకాలంలో తుపాకీని కాపాడే నూనే చలిలో చిక్కబడి, ఫైరింగ్ పిన్‌ని నెమ్మదిగా కదిలేలా చేస్తుంది. పిన్ దెబ్బ గట్టిగా తగలకపోతే తూటా పేలదు. పేలలేదు కదా అని వెంటనే బోల్ట్ లాగకూడదు. తూటాలోని మందు ఆలస్యంగా అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి గొట్టం టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగాలి. చలికి వణుకుతూ ఆ అర నిమిషం కదలకుండా ఉండటమే ఆయన నేర్పిన మొదటి పాఠం.

చలిలో మందు కాస్త నెమ్మదిగా మండుతుంది. తూటా వేగం తగ్గి, దూరం పెరిగేకొద్దీ గురికి కిందగా తగులుతుంది. ఎండాకాలంలో సరిచేసి పెట్టుకున్న సైట్ (గురి చూసే భాగం) చలికాలంలో అబద్ధం చెబుతుందని ఆయన అనేవాడు. టెలిస్కోప్ పెట్టనిచ్చేవాడు కాదు. మన ఊపిరి ఆవిరి అద్దం మీద పడి అక్కడే గడ్డకడుతుంది. 1939–40లో ఫిన్లాండ్, సోవియట్ యూనియన్‌ల మధ్య జరిగిన చలికాలపు యుద్ధంలో పేరుపొందిన ఫిన్నిష్ సైనికుడు సిమో హైహా కూడా మామూలు ఇనుప సైట్‌తోనే కాల్చాడని చెప్పాడు. ఊపిరి ఆవిరి కనిపించకుండా నోట్లో మంచు పెట్టుకునేవాడట. నేను ప్రయత్నించలేదు గానీ, ఊపిరి సంగతి ఎంత ముఖ్యమో బాగానే తెలిసింది. ఊపిరి వదిలితే తెల్లటి పొగ సైట్‌కి అడ్డం వస్తుంది. అది చెదిరే దాకా ఆగితే గుండె మళ్లీ వేగంగా కొట్టుకోవడం మొదలెడుతుంది. సగం ఊపిరి పక్కకి వదిలి, పొగ కదిలిపోయిన ఆ కాస్త సందులో ట్రిగ్గర్‌ని మెల్లగా వెనక్కి లాగాలి. ఇది చేతికి పట్టుబడటానికి నాకు చలికాలమంతా పట్టింది.

చేతుల సంగతి ఇంకా కష్టం. మందపాటి గ్లవ్ వేసుకుంటే ట్రిగ్గర్ తెలియదు, తీసేస్తే వేళ్లు కొంకర్లు పోతాయి. లోపల పల్చటి ఉన్ని గ్లవ్, దాని మీద వేళ్ల దగ్గర వెనక్కి మడిచే గ్లవ్ వేసుకుని, గురి చూసేటప్పుడు మాత్రమే పైది మడిచేవాళ్లం. లావుపాటి కోటు భుజానికీ బట్‌కీ మధ్య దిండులా అడ్డం పడి రైఫిల్ పొడుగైపోయినట్టు అనిపించేది. చెవులకి మఫ్ పెట్టుకుంటే కింద ఉన్న ఉన్ని టోపీ సందులోంచి శబ్దం దూరేది, అందుకే టోపీ కింద చెవుల్లో ప్లగ్గులు కూడా పెట్టించేవాడు. వేడి వేడి ఖాళీ తూటాలు మంచులో పడి కరిగించుకుంటూ లోపలికి దిగిపోయేవి. పెద్దాయన జింకల రైఫిల్ తూటాలు ఇంట్లో తనే మళ్లీ నింపుకునేవాడు కాబట్టి, సీజ్‌ఫైర్ అనగానే అందరూ బోల్టులు తెరిచి వెనక్కి జరిగాక, ఇద్దరం వంగి ఆ ఇత్తడి గొట్టాల్ని వెతుక్కునేవాళ్లం.

ఒక్క విషయంలో మాత్రం ఆయన ఎవరి మాటా వినేవాడు కాదు. ట్రిగ్గర్ మీద వేలు స్పర్శ తెలియకపోతే ఆ రోజుకి అయిపోయినట్టే. ఎంత బాగా తగులుతున్నా సరే, తూటాలు మిగిలినా సరే. ఇంటికొచ్చాక రైఫిల్‌ని నేరుగా వెచ్చటి గదిలోకి తేనిచ్చేవాడు కాదు. చల్లటి ఇనుము మీద గదిలోని తేమ నీటి చుక్కలై, బయటే కాక లోపలి భాగాల్లోనూ తుప్పు పట్టిస్తుంది. మూసిన పెట్టెలోనే తాళం వేసి ఉంచి, అది మెల్లగా గది వేడికి వచ్చాక తీసి శుభ్రం చేయాలి. ఆ మధ్యలో ఆయన వంటింట్లో కాఫీ, కబుర్లు. నాకు రాజకీయాలు అర్థమైంది ఎక్కువగా ఆ గంటల్లోనే.

క్లబ్బులో ఆ శీతాకాలం మాటలన్నీ ఒకటే దిక్కుకి పోయేవి. ఒబామా గెలిచిన దగ్గర్నుంచి దుకాణాల్లో తూటాలు దొరకడం కష్టమైంది. 9 ఎంఎం, పాయింట్ 223 అరలు ఖాళీ. 1994లో పెట్టి 2004లో ముగిసిపోయిన అసాల్ట్ వెపన్స్ (సైనిక తరహా తుపాకుల) నిషేధం మళ్లీ వస్తుందని భయం. సుప్రీంకోర్టు 2008 జూన్‌లోనే హెల్లర్ కేసులో ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం వ్యక్తి హక్కని 5–4తో తీర్పిచ్చింది. అయినా ఆ భయం తగ్గలేదు. దాని మీద ఇంకో భయం వచ్చి కూర్చుంది: డాలర్ పోతుంది, బ్యాంకులు మూతపడతాయి, నగరాల నుంచి జనం తిండికోసం మా ఊళ్ల మీద పడతారు అని. జింబాబ్వే 2009 జనవరిలో వంద ట్రిలియన్ డాలర్ల నోటు అచ్చువేసిందని తెలిశాక ఆ మాటలకి ఇంకా బలం వచ్చింది. కొందరు బియ్యం, చిక్కుళ్లు, తూటాలు డబ్బాల్లో నింపి బేస్‌మెంట్లలో పెట్టుకున్నారు. వాళ్లని చూసి నవ్వాలనిపించలేదు నాకు. ఉద్యోగం పోయినవాళ్లు, ఇల్లు పోబోతున్నవాళ్లు వాళ్లలో ఎక్కువ. ఏదో ఒకటి చేయకపోతే నిద్రపట్టని మనుషులు.

పెద్దాయన మాత్రం ఆ మాటల్లోకి దిగేవాడు కాదు. ఆయన కార్మిక సంఘం మనిషి, జీవితమంతా, తుపాకుల మీద ఆంక్షలు కోరే డెమోక్రాట్లకే ఓటేసినవాడు, తుపాకుల్ని ప్రేమించేవాడు. ఈ మూడూ ఒకే మనిషిలో ఉంటాయని అమెరికా వెళ్లేదాకా నాకు తెలియదు. ఒకరోజు కాఫీ తాగుతూ, “ఇక్కడ కూలిపోవడం అంటే ఎలా ఉంటుందో మా ఇంట్లో తెలుసు,” అని మొదలుపెట్టాడు. 1933 ఫిబ్రవరి 14న మిషిగన్ గవర్నర్ విలియం కామ్‌స్టాక్ రాష్ట్రంలోని బ్యాంకులన్నిటినీ ఎనిమిది రోజులు మూసేయమని ఉత్తర్వు ఇచ్చాడు. డెట్రాయిట్‌లో పెద్ద బ్యాంకుని నిలబెట్టడానికి హెన్రీ ఫోర్డ్ ఒప్పుకోకపోవడం దానికి ఒక కారణం. అక్కడ మొదలైన భయం రాష్ట్రాలు దాటి, మార్చి 6న రూజ్‌వెల్ట్ దేశమంతటా బ్యాంకులు మూసేదాకా వెళ్లింది. ఆ రోజుల్లో వాళ్లమ్మ కిరాణా కొట్టులో అప్పు పెట్టి ఇల్లు నడిపిందట. ఎవరూ ఎవరి మీదా తుపాకీ ఎత్తలేదు, కొట్టువాడు పద్దు రాసుకున్నాడు అన్నాడు.

అంతకు ముందు ఏడాది, 1932 మార్చి 7న, పనిలేని కార్మికులు చలిలో డియర్‌బోర్న్‌లోని ఫోర్డ్ రివర్ రూజ్ ప్లాంట్‌కి ఊరేగింపుగా వెళ్లారు. పోలీసులు, కంపెనీ కాపలావాళ్లు కాల్పులు జరిపితే అక్కడే నలుగురు చనిపోయారు. “సంక్షోభం వచ్చినప్పుడు తుపాకీ ఎవరి చేతిలో పేలిందో చూడు. ఆకలితో ఉన్నవాడి చేతిలో కాదు,” అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు.

ఆయన అసలు చెప్పాలనుకున్నది ఫ్లింట్ గురించి. 1936 డిసెంబర్ 30న ఫ్లింట్‌లోని జీఎం ప్లాంట్లలో కార్మికులు పని ఆపి, బయటికి రాకుండా లోపలే కూర్చున్నారు. వాళ్ల నాన్న అందులో ఒకడు. జనవరి 11న ఫిషర్ బాడీ రెండో ప్లాంట్‌లో కంపెనీ హీటింగ్ ఆపేసింది, తిండి లోపలికి పోనీయలేదు. పోలీసులు టియర్ గ్యాస్ వదిలారు, తర్వాత కాల్చారు. లోపలివాళ్ల దగ్గర ఉన్నవి కారు తలుపుల ఇనుప కీళ్లు, సీసాలు, ఫైర్ హోసు. గడ్డకట్టే చలిలో ఆ నీళ్లు పోలీసుల్ని తడిపేసి వెనక్కి తోసేశాయి. కొందరు కార్మికులకి తూటాలు తగిలాయి గానీ ఎవరూ చనిపోలేదు. అప్పుడే పదవిలోకి వచ్చిన గవర్నర్ ఫ్రాంక్ మర్ఫీ నేషనల్ గార్డ్‌ని పంపాడు, కానీ కార్మికుల్ని ఈడ్చేయడానికి వాడలేదు. ఫిబ్రవరి 11న జీఎం సంఘాన్ని గుర్తించింది. “మా నాన్న మంచి వేటగాడు. ఇంట్లో మంచి రైఫిల్ ఉంది. అది తీసుకుని లోపలికి వెళ్లలేదు. వెళ్లి ఉంటే మర్ఫీకి వేరే దారి ఉండేది కాదు,” అన్నాడు పెద్దాయన. తర్వాత లేచి రైఫిల్ పెట్టె మీద చెయ్యి పెట్టి చూసి, ఇంకా చల్లగానే ఉందన్నాడు.

నేను మన సంగతి చెప్పాను. 1991లో విదేశీ మారకం అడుగంటిపోయి, ప్రభుత్వం బంగారం తాకట్టు పెట్టింది. ఆ జులైలో 47 టన్నులు ఇంగ్లాండ్, జపాన్ బ్యాంకులకి వెళ్లాయి. రూపాయి విలువ రెండు దఫాలుగా తగ్గించారు. మన పీవీ నరసింహారావు గారు ప్రధాని, మన్మోహన్ సింగ్ గారు ఆర్థిక మంత్రి. బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచుతామన్నారు. రైతులూ ఎంపీలూ గొడవ చేస్తే పెంపుని 30 శాతానికి దించారు, చిన్న రైతులకి మినహాయింపన్నారు. మా నాన్న ఆ వార్త విని యూరియా బస్తాల లెక్క మళ్లీ వేసుకోవడం నాకు గుర్తుంది. పెద్దాయన బంగారం గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు. ఆ పది శాతం ఎలా తగ్గించారని మాత్రం గుచ్చి గుచ్చి అడిగాడు.

ఆ 2008 డిసెంబర్ 11 రాత్రి సెనెట్‌లో కార్ల కంపెనీల అప్పు బిల్లు ఆగిపోయింది. 52 మంది అనుకూలం, 35 మంది వ్యతిరేకం, బిల్లు ముందుకి పోవాలంటే కావాల్సింది 60. జపాన్, జర్మనీ కంపెనీల ప్లాంట్లున్న దక్షిణాది రాష్ట్రాల సెనెటర్లు, కార్మికుల జీతాలు ఆ కంపెనీల స్థాయికి 2009లోనే దించాలని పట్టుబట్టారు. సంఘం అంత త్వరగా ఒప్పుకోలేదు. చివరికి డిసెంబర్ 19న బుష్, బ్యాంకుల కోసం పెట్టిన 70,000 కోట్ల డాలర్ల నిధిలోంచే 1,740 కోట్లు జీఎం, క్రైస్లర్ కార్ల కంపెనీలకి అప్పుగా ఇచ్చాడు. జీతాల్లో కోత, ఒప్పందాల్లో మార్పు, అన్నీ షరతులే. 2009 మార్చిలో, ప్రభుత్వ సొమ్ముతో బతికిన బీమా కంపెనీ ఏఐజీ తన ఉద్యోగులకి 16.5 కోట్ల డాలర్ల బోనస్‌లు ఇచ్చింది. ఒప్పందం ఉంది కాబట్టి ఇవ్వక తప్పదన్నారు. ఆ వార్త వచ్చిన వారం పెద్దాయన రేంజ్‌లో ఒక్క గుండు కూడా సరిగా కాల్చలేకపోయాడు. కోపం ఉన్నప్పుడు రైఫిల్ ముట్టకూడదని ఆయనే చెప్పేవాడు. ఆ రోజు చెప్పినట్టే పెట్టె మూసేసి ఇంటికొచ్చేశాం.

మా ఇద్దరికీ వాదన దీని మీదే. అప్పు ఇవ్వకపోతే పార్టుల కంపెనీలతో సహా గొలుసంతా తెగిపోయేది, కాబట్టి ఏ షరతుతోనైనా ఇవ్వడమే సరైందని నేననేవాణ్ని. నా ఉద్యోగం కూడా ఆ గొలుసులోనే ఉంది మరి. ఇవ్వడం తప్పని ఆయనా అనలేదు. “కార్మికుడి ఒప్పందం చింపొచ్చు, బ్యాంకువాడిది చింపకూడదు అని ఏ చట్టంలో రాశారు?” అనేవాడు. ఈ మాటలో ఆయనదే న్యాయం అని ఇప్పటికీ నా అభిప్రాయం.

మనవాళ్ల పరిస్థితి ఇంకో రకంగా నలిగింది. 2009 జనవరి 7న సత్యం కుంభకోణం బయటపడింది. లెక్కల్లో వేల కోట్లు లేనివి ఉన్నట్టు చూపించామని ఛైర్మనే ఉత్తరం రాశాడు. డెట్రాయిట్ చుట్టుపక్కల ప్రాజెక్టులు అప్పటికే ఆగిపోతున్నాయి. హెచ్1బీ వాళ్లకి ఇప్పుడున్న 60 రోజుల గడువు అప్పట్లో లేదు, అది 2017లో వచ్చింది. ఉద్యోగం పోయిన రోజే వీసా స్టేటస్ పోయినట్టు. మా అపార్ట్‌మెంట్ స్నేహితుల్లో ఎంతోమంది సోఫాలు, పిల్లల సైకిళ్లు చెత్తబుట్టల పక్కన వదిలేసి వెళ్లిపోయారు. పెద్దాయన తన ట్రక్కు తెచ్చి, అందులో పనికొచ్చేవి చర్చికి చేర్చేవాడు.

2009 జూన్ 1న జీఎం దివాలా కోర్టుకెళ్లింది. అంతకు ముందు శుక్రవారం షేరు ధర 75 సెంట్లు. మిషిగన్‌లో నిరుద్యోగం ఆ ఏడు 14 శాతం దాటింది. పెద్దాయనకి కంపెనీ నుంచి వచ్చే పళ్ల వైద్యం, కళ్ల వైద్యం ఆగిపోయాయి. పింఛను మిగిలింది. బేస్‌మెంట్లలో తూటాలు దాచుకున్నవాళ్లకి వాటితో పని పడలేదు. వాళ్లకి వచ్చిన దెబ్బలన్నీ పోస్టులో, కవర్లలో వచ్చాయి.

మేం తర్వాత ఇంకో రాష్ట్రానికి మారిపోయాం. ఫోన్లు నడిచాయి. 2013 జులై 18న డెట్రాయిట్ నగరమే దివాలా కోర్టుకెళ్లినప్పుడు ఆయన తమ్ముడు అప్పటికి నగరపాలక ఉద్యోగంలో రిటైరై ఉన్నాడు. డిసెంబర్ 3న జడ్జి, పింఛన్లు కూడా కోయవచ్చని తీర్పిచ్చాడు. అంతకు ముందు నుంచీ కోర్టు బయట రిటైరైనవాళ్లు ప్లకార్డులు పట్టుకుని నిలబడుతుంటే, పెద్దాయన తమ్ముడితో కలిసి వెళ్లి నిలబడ్డాడు. చివరికి మామూలు ఉద్యోగుల పింఛన్లలో నాలుగున్నర శాతం కోత పడింది, ఏటా ధరలతో పాటు పెరిగే భాగం పోయింది. మొదట్లో కోత ఇంతకంటే చాలా ఎక్కువుంటుందని భయపెట్టారని, రాష్ట్ర ప్రభుత్వం, ఫౌండేషన్లు డబ్బు పెట్టాక తగ్గిందని చెప్పాడు. నేను మన ఎరువుల ధర గుర్తుచేశాను. ఆయన కూడా మర్చిపోలేదు. “మీ నాన్న ఏ పంట వేసేవాడు?” అని అప్పుడు మొదటిసారి అడిగాడు. వరి, వేరుశనగ అన్నాను. వేరుశనగ ఎలా పండుతుందో చెప్పమన్నాడు. ఆ రాత్రి చాలాసేపు అదే మాట్లాడుకున్నాం.